అంతరిక్ష టెలిస్కోపు ఇమేజీలో చుక్క వెలుగు కొలవడానికి ఏ సాఫ్ట్‌వేర్ పట్టుకోవాలి?

శ్రీహరికోట ఇప్పుడు తిరుపతి జిల్లాలోనే ఉంది. 2015 సెప్టెంబరు 28న అక్కడి నుంచే పీఎస్ఎల్వీ-సీ30 మీద ఆస్ట్రోశాట్ పైకెళ్లింది. అందులోని అతినీలలోహిత టెలిస్కోపు యూవిట్ తీసిన ఇమేజీలే కాదు, హబుల్, జేమ్స్ వెబ్, స్పిట్జర్ ఇమేజీలు కూడా ఇప్పుడు ఎవరైనా ఉచితంగా దించుకోవచ్చు. ఎస్వీ యూనివర్సిటీలోనో, మహిళా యూనివర్సిటీలోనో, ఏర్పేడు దగ్గర ఐసర్‌లోనో, చిత్తూరులో డిగ్రీ కాలేజీలోనో ప్రాజెక్టు పెట్టుకున్నవాళ్లకి ఫైలు దొరకడం పెద్ద పని కాదు. దించుకున్న ఫైలు తెరిచి, "ఈ చుక్క వెలుగు ఎంత?" అని అడుక్కున్న దగ్గరే బండి ఆగుతుంది. డీఎస్9 అని ఒకరు, ఏపీటీ అని ఒకరు, ఇంవిజ్ అని ఒకరు, ఆస్ట్రోఇమేజ్‌జే అని ఇంకొకరు చెబుతారు. నాలుగూ ఉచితమే, నాలుగూ మౌస్‌తో నొక్కి కొలిచేవే.

తొందరలో ఉన్నవాళ్లకి ముందే చెప్పేస్తాం. జేమ్స్ వెబ్ ఇమేజీ అయితే ఇంవిజ్. యూవిట్, స్పిట్జర్, హబుల్ ఇమేజీల్లో పదో యాభయ్యో చుక్కలు కొలవాలంటే ఏపీటీ. ఒకే నక్షత్రం వెలుగు గంటగంటకీ ఎలా మారుతోందో చూడాలంటే ఆస్ట్రోఇమేజ్‌జే. డీఎస్9 మాత్రం వీటిలో ఏది ఎంచుకున్నా పక్కన ఉండాల్సిందే, అయితే చివరి అంకె దాని నుంచి తీసుకోవద్దు. ఎందుకో కింద ఉంది.

ముందు హెడర్, తర్వాత సాఫ్ట్‌వేర్

సాఫ్ట్‌వేర్ ఎంపికని నిజంగా తేల్చేది ఫిట్స్ ఫైలు (ఖగోళ ఇమేజీలు దాచే ఫార్మాట్) హెడర్‌లో, అంటే ఇమేజీ వివరాలు రాసి ఉండే భాగంలో, బీయూనిట్ అనే ఒక్క వరుస. పిక్సెల్‌లో ఉన్న అంకె దేన్ని చెబుతోందో అది తెలియకుండా కొలిస్తే, ఏ సాఫ్ట్‌వేర్ అయినా మీకు అందంగా ముద్రించిన తప్పుని ఇస్తుంది. డీఎస్9లో ఫైల్ మెనూ నుంచి హెడర్ తెరిచి చూడవచ్చు.

జేమ్స్ వెబ్ ఇమేజీలు, అంటే ఐ2డీ అని ముగిసే ఫైళ్లు, మెగాజాన్‌స్కీ పర్ స్టెరేడియన్‌లో ఉంటాయి (జాన్‌స్కీ వెలుగుకి యూనిట్, స్టెరేడియన్ ఆకాశంలో వైశాల్యానికి). అది వెలుగు కాదు, ఆకాశంలో ఇంత మేరకి ఇంత వెలుగు అనే లెక్క. పిక్సెళ్లు కూడిన మొత్తాన్ని ఒక పిక్సెల్ వైశాల్యంతో గుణిస్తేనే చుక్క వెలుగు వస్తుంది. ఆ వైశాల్యం అదే హెడర్‌లో పిక్సార్_ఎస్ఆర్ అనే పేరుతో స్టెరేడియన్లలో ఉంటుంది. వెబ్‌లోని నిర్‌క్యామ్ కెమెరాలో పొట్టి తరంగాల వైపు పిక్సెల్ సుమారు 0.031 ఆర్క్‌సెకండ్లు (ఆర్క్‌సెకండ్ అంటే డిగ్రీలో 3600వ వంతు), పొడుగు తరంగాల వైపు 0.063. రెండోదానికి లెక్కేస్తే పిక్సెల్ వైశాల్యం దాదాపు 9.33 × 10⁻¹⁴ స్టెరేడియన్లు, ఏబీ మ్యాగ్నిట్యూడ్ జీరో పాయింట్ 26.47. (మ్యాగ్నిట్యూడ్ వెలుగుని చెప్పే స్కేలు, అంకె తగ్గేకొద్దీ వెలుగు ఎక్కువ. ఏబీ దాన్ని లెక్కించే ఒక పద్ధతి. పిక్సెళ్ల మొత్తం 1 వస్తే అయ్యే మ్యాగ్నిట్యూడే జీరో పాయింట్.) పొట్టి వైపు అయితే 28.0. సూత్రం చిన్నదే: జీరో పాయింట్ = −6.10 − 2.5 × లాగ్(పిక్సార్_ఎస్ఆర్). ఈ రెండు వైపుల ఇమేజీల్నీ ఒకే జీరో పాయింట్‌తో కొలిస్తే ఒకటిన్నర మ్యాగ్నిట్యూడ్ తేడా వస్తుంది. దాన్ని చూసి రంగు విచిత్రంగా ఉన్న కొత్త నక్షత్రం దొరికిందని సంబరపడిన రిపోర్టులు ఉంటాయి.

స్పిట్జర్ కూడా అదే యూనిట్. దాని ఐరాక్ కెమెరా మొజాయిక్‌లో (చాలా ఇమేజీలు అతికించి చేసిన పెద్ద ఇమేజీలో) పిక్సెల్ 0.6 ఆర్క్‌సెకండ్లు కాబట్టి, పిక్సెల్‌లో 1 అని ఉంటే 8.46 మైక్రోజాన్‌స్కీలు. ఒక చోట మాత్రం కాలు జారుతుంది. ఐరాక్ కాలిబ్రేషన్‌ని, అంటే అంకెల్ని అసలు వెలుగుతో సరిచూడటాన్ని, చుక్క చుట్టూ 10 పిక్సెళ్ల వ్యాసార్థం వృత్తంతో, ఆకాశం కోసం 12 నుంచి 20 పిక్సెళ్ల వలయంతో చేశారు. అవి కెమెరా సొంత పిక్సెళ్లు, ఒక్కోటి 1.2 ఆర్క్‌సెకండ్లు. 0.6 మొజాయిక్‌లో అవే 20 పిక్సెళ్లు, 24 నుంచి 40 అవుతాయి. పుస్తకంలో 10 అని చూసి మొజాయిక్ మీద 10 పెడితే, గీసిన వృత్తం సగం వ్యాసార్థానిదే అవుతుంది.

హబుల్ డ్రిజిల్ చేసిన (పలు ఎక్స్‌పోజర్లని సరిచేసి కలిపిన) ఫైళ్లు, అంటే డీఆర్‌జెడ్, డీఆర్‌సీ అని ముగిసేవి, మామూలుగా ఎలక్ట్రాన్లు పర్ సెకండ్‌లో ఉంటాయి. వాటికి పిక్సెల్ వైశాల్యంతో పని లేదు. హెడర్‌లోని ఫోట్‌ఫ్లామ్ (సెకండుకి ఒక ఎలక్ట్రాన్ అంటే ఎంత వెలుగో చెప్పేది), ఫోట్‌ప్లామ్ (ఫిల్టర్ నడిమి తరంగదైర్ఘ్యం) తీసుకుని ఏబీ జీరో పాయింట్ = −2.5 × లాగ్(ఫోట్‌ఫ్లామ్) − 5 × లాగ్(ఫోట్‌ప్లామ్) − 2.408 అని కట్టుకోవాలి. ఇక్కడ ఎక్స్‌పోజర్ సమయంతో మళ్లీ భాగించకూడదు. అప్పటికే సెకండుకి అని లెక్కేసి ఇచ్చారు. రెండోసారి భాగిస్తే వెయ్యి సెకండ్ల ఇమేజీలో 7.5 మ్యాగ్నిట్యూడ్లు గల్లంతవుతాయి.

యూవిట్ కథ వేరు. అది ఫోటాన్లని ఒక్కొక్కటిగా లెక్కపెట్టే యంత్రం. ఇమేజీలో ఒక సబ్‌పిక్సెల్ (డిటెక్టర్ పిక్సెల్‌ని చీల్చిన చిన్న గడి) 0.416 ఆర్క్‌సెకండ్లు. కొన్ని ఫైళ్లలో మొత్తం కౌంట్లు (లెక్కకొచ్చిన ఫోటాన్లు) ఉంటాయి, కొన్నింటిలో సెకండుకి కౌంట్లు. ఏ సాఫ్ట్‌వేర్‌తో తయారైన ఇమేజీ అన్నదాన్ని బట్టి ఇది మారుతుంది కాబట్టి ఒక మంచి చుక్క మీద వృత్తం గీసి చూడండి. మొత్తం వేలల్లో వస్తే కౌంట్లు, ఒకటీ రెండూ అని వస్తే సెకండుకి కౌంట్లు. ఎఫ్148డబ్ల్యూ ఫిల్టర్‌కి 2020లో సవరించిన జీరో పాయింట్ 18.097. సెకండుకి 2 కౌంట్లు వచ్చిన చుక్క 17.34 మ్యాగ్నిట్యూడ్ అన్నమాట. ఇంకొకటి: యూవిట్ నియర్ యూవీ ఛానెల్ (అతినీలలోహితంలో పొడుగు తరంగాలు చూసే భాగం) 2018 మార్చిలో ఆగిపోయింది. ఆ తర్వాతి పరిశీలనల్లో ఆ ఇమేజీ దొరకలేదని ఆర్కైవ్ వాళ్లని తిట్టుకోవద్దు.

కొలిచే పద్ధతి ఒకటే

పైన చెప్పిన సాఫ్ట్‌వేర్లన్నీ చేసేది ఒకే పని. చుక్క చుట్టూ అపర్చర్ అనే వృత్తం గీసి లోపలి పిక్సెళ్లన్నీ కూడతాయి. దానికి బయట యాన్యులస్ అనే వలయం గీసి, ఒక్కో పిక్సెల్‌కి ఖాళీ ఆకాశం ఎంత ఇస్తోందో చూసి, వృత్తంలో పడినంత ఆకాశాన్ని తీసేస్తాయి. చిత్తూరు మండీలో తోతాపురి తూకం వేసేటప్పుడు క్రేటు బరువు తీసేస్తారే, అదే పని. తేడా ఏంటంటే ఇక్కడ క్రేటు బరువు చోటుకో రకంగా ఉంటుంది. నెబ్యులా మీద పడ్డ నక్షత్రానికి ఒకటి, ఖాళీ చోట ఉన్నదానికి ఇంకొకటి.

అంకెలతో చూద్దాం. నిర్‌క్యామ్ పొడుగు వైపు ఇమేజీలో 5 పిక్సెళ్ల వృత్తంలో మొత్తం 290, వలయంలో మీడియన్ (వరుసలో పేరిస్తే నడిమి విలువ) 0.51 అనుకుందాం. వృత్తం వైశాల్యం 78.5 పిక్సెళ్లు, ఆకాశం వాటా 40. మిగిలింది 250. దాన్ని 9.33 × 10⁻¹⁴తో గుణించి మెగా కోసం పది లక్షలతో గుణిస్తే 23.3 మైక్రోజాన్‌స్కీలు, ఏబీ మ్యాగ్నిట్యూడ్ 20.48. ఇది అపర్చర్ కరెక్షన్ వేయకముందు అంకె. వృత్తం బయటికి చిందిన వెలుగుకి ఆ సవరణ విడిగా వేయాలి, ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను వేయదు.

కొత్తవాళ్లని కలవరపెట్టే విషయం ఇంకొకటి ఉంది. తెర మీద ఇమేజీని లాగ్ స్కేల్‌లో పెట్టినా, జీస్కేల్‌లో పెట్టినా, రంగులు మార్చినా కొలత మారదు. మారేది మీ కంటికి కనిపించేదే. కానీ వార్తల్లో వచ్చే రంగుల జేపెగ్ బొమ్మ మీద కొలవడానికి వీల్లేదు. అందులో వెలుగు నిష్పత్తి ఎప్పుడో పోయింది.

డీఎస్9: చూడటానికి సాటి లేదు

ఫైలు ఎంత పెద్దదైనా తెరుస్తుంది, నాలుగు ఫ్రేములు పక్కపక్కన పెట్టి ఒకే దిక్కుకి తిప్పి చూపిస్తుంది, గీసిన వృత్తాల్ని రీజియన్ ఫైలుగా దాచుకోవచ్చు. ఏ చుక్కలు కొలవాలి, వలయంలో పక్కింటి నక్షత్రం పడుతోందా, మధ్యలో సాచురేట్ అయిందా (వెలుగు మరీ ఎక్కువై డిటెక్టర్ కొలవలేకపోయిందా) అన్నవి తేల్చుకునే చోటు ఇదే.

కొలతకి వస్తే, వృత్తం గీసి దాని మీద రెండుసార్లు నొక్కి, వచ్చిన కిటికీలో అనాలిసిస్ మెనూలో స్టాటిస్టిక్స్ నొక్కితే మొత్తం, పిక్సెళ్ల సంఖ్య, సగటు, మీడియన్ అన్నీ ఇస్తుంది. ఆకాశాన్ని తీసేయడం మాత్రం మీ పని. వలయానికి ఇంకోసారి స్టాటిస్టిక్స్ తీసి, చేత్తో లెక్కేయాలి. మూడు చుక్కలకి పర్లేదు. ముప్పై అయితే ఎక్సెల్ షీట్‌లో ఏదో ఒక వరుస తారుమారు కాక తప్పదు.

అసలు చిక్కులు రెండు. మొదటిది, పిక్సెల్ మధ్యబిందువు వృత్తంలో పడితే ఆ పిక్సెల్ మొత్తం లోపలే అనుకుంటుంది, పడకపోతే పూర్తిగా వదిలేస్తుంది. 3 పిక్సెళ్ల వ్యాసార్థం వృత్తానికి వైశాల్యం 28.3 అయినా, మధ్య ఎక్కడ పడిందన్నదాన్ని బట్టి 25 నుంచి 32 పిక్సెళ్ల దాకా లెక్కలోకి వస్తాయి. అర పిక్సెల్ జరిపితే మొత్తం గంతులేస్తుంది. 15, 20 పిక్సెళ్ల పెద్ద వృత్తాలకి ఇది పట్టించుకోనక్కర్లేదు. చిన్నవాటికి మాత్రం, ఆకాశం తీసేసేటప్పుడు సూత్రంలోని వైశాల్యం కాకుండా అది చూపించిన పిక్సెళ్ల సంఖ్యనే వాడండి.

రెండోది ఎర్రర్ అనే వరుస. అక్కడ వచ్చేది మొత్తానికి వర్గమూలం, అంతే. పిక్సెళ్లలో ఫోటాన్ కౌంట్లు ఉంటేనే దానికి అర్థం. యూవిట్ ఇమేజీ సెకండుకి కౌంట్లలో ఉండి మొత్తం 2 వచ్చిందనుకోండి, ఎర్రర్ 1.41 అని చూపిస్తుంది, అంటే 70 శాతం! నిజానికి 5,000 సెకండ్ల పరిశీలన అయితే ఆ చుక్క నుంచి వచ్చినవి 10,000 కౌంట్లు, ఎర్రర్ 1 శాతం, మ్యాగ్నిట్యూడ్‌లో 0.011. జేమ్స్ వెబ్ ఇమేజీ మీద ఆ వరుసకి అసలు అర్థమే లేదు. రిపోర్టులో ఆ అంకెని దింపేసిన వాళ్లకి వైవాలో మొదటి ప్రశ్న అక్కడి నుంచే వస్తుంది.

ఏపీటీ: నేర్చుకోవడానికి, ఓ మోస్తరు పనికి

పూర్తి పేరు అపర్చర్ ఫోటోమెట్రీ టూల్. ఫోటోమెట్రీ అంటే వెలుగు కొలవడమే. కాల్‌టెక్‌లో స్పిట్జర్ మిషన్ నీడలో పుట్టింది. జావాలో రాశారు కాబట్టి విండోస్, లినక్స్, మ్యాక్ మూడింటి మీదా నడుస్తుంది. చుక్క మీద ఒక్కసారి నొక్కితే వృత్తం, వలయం గీసి, ఆకాశం తీసేసి, వెలుగు, దాని ఎర్రర్ రెండూ ముందు పెడుతుంది. వృత్తంతో పాటు దీర్ఘవృత్తం కూడా గీస్తుంది, పక్కకి వాలిన గెలాక్సీలకి అది పనికొస్తుంది.

కొత్తవాళ్లకి దీన్ని సూచించడానికి కారణం దాని గ్రాఫులు. ఒక మీట నొక్కితే రేడియల్ ప్రొఫైల్ (మధ్య నుంచి దూరం పోయేకొద్దీ వెలుగు ఎలా తగ్గుతుందో), ఇంకో మీటకి కర్వ్ ఆఫ్ గ్రోత్, మరోదానికి ఆకాశం పిక్సెళ్ల హిస్టోగ్రామ్ వస్తాయి. వ్యాసార్థం ఎంత పెట్టాలన్న ప్రశ్నకి సమాధానం కర్వ్ ఆఫ్ గ్రోత్‌లోనే ఉంది. వ్యాసార్థం పెంచేకొద్దీ మొత్తం పెరిగి, ఒక చోట చదునవుతుంది. చదునవకుండా ఎక్కుతూనే పోతే మీరు తీసిన ఆకాశం తక్కువ, లేదా పక్కన ఇంకో చుక్క ఉంది. ఎక్కి మళ్లీ కిందికి వంగితే ఆకాశం ఎక్కువ తీసేశారు, బహుశా వలయంలో నక్షత్రం పడింది. ఈ మూడు వంపుల్ని గుర్తుపట్టగలిగితే సగం ఫోటోమెట్రీ వచ్చినట్టే.

మొదలుపెట్టే క్రమం ఇదీ. ఫైలు తెరిచి, ఒంటరిగా ఉన్న, మరీ మిరుమిట్లు గొలపని నక్షత్రం మీద నొక్కండి. మధ్యబిందువుకి సరిగ్గా కూర్చోబెట్టే సదుపాయం వాడండి. కర్వ్ ఆఫ్ గ్రోత్ చూసి వ్యాసార్థం తేల్చుకోండి. వలయం లోపలి అంచు ఆ వ్యాసార్థానికి కనీసం రెండు మూడు పిక్సెళ్లు బయట ఉండాలి, వలయంలో వందల పిక్సెళ్లు ఉండాలి. ఇక ఆ మూడు అంకెలూ ప్రాజెక్టు అయ్యేదాకా మార్చకండి. ఆ తర్వాత ప్రిఫరెన్సెస్‌లో జీరో పాయింట్ ఇచ్చేస్తే మ్యాగ్నిట్యూడ్ నేరుగా వస్తుంది. చాలా చుక్కలు ఉంటే స్థానాల జాబితా ఇచ్చి సోర్స్ లిస్ట్ పద్ధతిలో నడపవచ్చు. మొదటిసారి ఒక్కో చుక్క దగ్గర ఆగి చూపించే పద్ధతినే ఎంచుకోండి, జాబితాలో దారితప్పినవి అప్పుడే బయటపడతాయి.

యూవిట్ వాళ్లకి ఏపీటీని సూచించడానికి ఇంకో గట్టి కారణం ఉంది. ఫార్ యూవీలో, అంటే అతినీలలోహితంలో పొట్టి తరంగాల వైపు, ఆకాశం ఎంత చీకటంటే, వలయంలో చాలా పిక్సెళ్లలో ఒక్క ఫోటాన్ కూడా పడదు. అలాంటి చోట మీడియన్ తీస్తే సున్నా వస్తుంది, ఆకాశం అసలు లేనట్టే. సబ్‌పిక్సెల్‌కి సగటున 0.05 కౌంట్ ఆకాశం ఉందనుకుందాం. 12 సబ్‌పిక్సెళ్ల వ్యాసార్థం, అంటే 5 ఆర్క్‌సెకండ్ల వృత్తంలో 452 సబ్‌పిక్సెళ్లు ఉంటాయి, ఆకాశం వాటా 22.6 కౌంట్లు. చుక్క సొంత కౌంట్లు 100 అయితే, మీడియన్ వాడినవాళ్లకి 122.6 వస్తుంది, 0.22 మ్యాగ్నిట్యూడ్ ఎక్కువ వెలుగు. ఏపీటీ ఆకాశానికి మీడియన్, సగటు లాంటివన్నీ చూపించి ఎంచుకోనిస్తుంది. ఇక్కడ సగటే ఎంచుకోండి. జేమ్స్ వెబ్, హబుల్ ఇమేజీలకి మాత్రం మీడియనే మేలు, దారిన పోయే మసక గెలాక్సీ వలయంలో పడ్డా అది తట్టుకుంటుంది.

లోపాలు లేకపోలేదు. తెర నిండా మీటలే, మొదటి రోజు చూస్తే ఆర్టీసీ బస్టాండ్‌లో టైం బోర్డు చదివినట్టు ఉంటుంది. ఎర్రర్ సరిగ్గా రావాలంటే డిటెక్టర్ గెయిన్ (ఒక కౌంట్‌కి ఎన్ని ఎలక్ట్రాన్లో) ప్రిఫరెన్సెస్‌లో ఇవ్వాలి. ఇవ్వకపోతే డీఎస్9 చెప్పిన అబద్ధమే ఇంకో రూపంలో చెబుతుంది. పదుల కొద్దీ ఇమేజీల్ని వరుసగా నమలడానికి దీన్ని తయారుచేయలేదు. పలు భాగాలున్న హబుల్ ఫైలు ఇబ్బంది పెడితే, డీఎస్9లో ఎస్‌సీఐ అనే అసలు ఇమేజీ భాగాన్ని ఒక్కదాన్నే విడి ఫిట్స్‌గా సేవ్ చేసి ఇవ్వండి. ఎక్స్‌పోజర్ సమయం లాంటివి మొదటి హెడర్‌లో ఉండిపోతాయి, అవి ముందే కాగితం మీద రాసుకోండి.

ఇంవిజ్: జేమ్స్ వెబ్‌కి ఇంటి మనిషి

జేడావిజ్ అనే పైథాన్ ప్యాకేజీలో ఒక భాగం ఇది. హబుల్, వెబ్‌ల శాస్త్రీయ కార్యకలాపాలు చూసే బాల్టిమోర్ సంస్థ తయారుచేస్తోంది. జూపిటర్ నోట్‌బుక్‌లోనో బ్రౌజర్‌లోనో నడుస్తుంది. ఫైలు వేసి, వృత్తాన్ని సబ్‌సెట్‌గా గీసి, వలయాన్ని ఇంకో సబ్‌సెట్‌గా గీసి, అపర్చర్ ఫోటోమెట్రీ ప్లగిన్‌లో మొదటిదాన్ని అపర్చర్‌గా, రెండోదాన్ని బ్యాక్‌గ్రౌండ్‌గా చూపిస్తే చాలు. ఐ2డీ ఫైలు అయితే యూనిట్‌నీ పిక్సెల్ వైశాల్యాన్నీ హెడర్ నుంచి తానే పట్టుకుంటుంది. పైన మనం చేత్తో కట్టిన స్టెరేడియన్ లెక్కలో తప్పులు ఇక్కడ జరగవు. అంచు పిక్సెళ్లలో వృత్తం లోపల పడ్డ భాగాన్నే కూడుతుంది కాబట్టి చిన్న వృత్తాలకి డీఎస్9 కంటే నమ్మకం. కొలతలన్నీ ఒక పట్టికలో చేరతాయి, దాన్ని అదే నోట్‌బుక్‌లో పైథాన్‌కి అప్పజెప్పవచ్చు. రెండు వందల చుక్కలు కొలవాల్సి వచ్చిన రోజు, దీని వెనక పనిచేసే ఫోటుటిల్స్ లైబ్రరీనే నేరుగా పిలవవచ్చు. ఇంవిజ్ నేర్చుకున్నవాళ్లకి ఆ మెట్టు ఎక్కడం తేలిక, ఏపీటీ వాళ్లకి మళ్లీ మొదటి నుంచి.

యూవిట్‌కి మాత్రం జాగ్రత్త. వలయం సబ్‌సెట్ ఇస్తే ఇంవిజ్ తీసుకునేది మీడియన్‌నే. పైన చూసిన సున్నా ఆకాశం ఉచ్చు ఇదే. బ్యాక్‌గ్రౌండ్‌ని మాన్యువల్‌లో పెట్టి, డీఎస్9లో పెద్ద ఖాళీ చోట తీసిన సగటుని టైపు చేయండి.

ఇన్‌స్టాల్ చేసేటప్పుడు వేరే పైథాన్ ఎన్విరాన్‌మెంట్ సృష్టించి అందులో పిప్ ఇన్‌స్టాల్ జేడావిజ్ కొట్టండి. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ కంప్యూటర్‌లో అందరూ వాడే పైథాన్‌లో వేస్తే, ఇంకొకరి ప్రాజెక్టు ప్యాకేజీల వెర్షన్లు మారిపోయి గొడవవుతుంది. హాస్టల్ వైఫై మీద ఇది గంట పని అనుకోండి, పరీక్షకి ముందు రోజు పెట్టుకోవద్దు.

ఆస్ట్రోఇమేజ్‌జే, అలాదిన్

ఆస్ట్రోఇమేజ్‌జేని తయారుచేసిందే గ్రహాలు నక్షత్రాలకి అడ్డొచ్చే ట్రాన్సిట్ల కోసం. వందల ఫ్రేముల్ని ఒక స్టాక్‌గా వేసి, కొలవాల్సిన నక్షత్రానికి ఆకుపచ్చ వృత్తం, పోల్చే నక్షత్రాలకి ఎరుపు వృత్తాలు పెడితే, ఒక్కో ఫ్రేములో కొలిచి లైట్ కర్వ్ (కాలంతో వెలుగు మారే గ్రాఫు) గీసి ఇస్తుంది. సరిహద్దు దాటితే జవ్వాది కొండల్లోని కావలూరు టెలిస్కోపు లాంటి నేల మీది డేటాకి ఇది దేవుడిచ్చిన వరం. అంతరిక్ష టెలిస్కోపు నుంచి వచ్చిన ఒకే ఒక్క మొజాయిక్‌కి మాత్రం దీని బలం వృథా. అందులో పోల్చే నక్షత్రం అవసరం లేదు, జీరో పాయింట్ ముందే తెలుసు. గ్రహాల్ని వెతికే టెస్ ఉపగ్రహం డేటా అయితే లైట్‌కర్వ్ అనే పైథాన్ ప్యాకేజీలోని ఇంటరాక్ట్ పద్ధతి దీనికంటే సూటి. టెస్ పిక్సెల్ 21 ఆర్క్‌సెకండ్లు, ఒక్క పిక్సెల్‌లోనే నాలుగు నక్షత్రాలు ఇరుక్కుంటాయి. అక్కడ గుండ్రటి వృత్తం కంటే ఏ పిక్సెళ్లు తీసుకోవాలో ఒక్కొక్కటిగా ఎంచుకోవడమే సరి.

అలాదిన్ అనే ఆకాశ పటాల సాఫ్ట్‌వేర్‌ని కొలతకి కాదు, గుర్తింపుకి ఉంచుకోండి. ఇమేజీ మీద గయా, టూమాస్ అనే నక్షత్రాల కేటలాగుల్ని పరిచి, మీరు కొలిచిన చుక్క నిజంగా మీరు అనుకున్నదేనా అని చూపిస్తుంది. అందులో ఫోటోమెట్రీ పనిముట్టు ఉంది, కానీ జారుతూ జూమ్ అయ్యే హిప్స్ రంగు ఇమేజీల మీద దాన్ని వాడకండి. అవి చూపు కోసం తిరిగి అచ్చుపోసిన పిక్సెళ్లు. మీ సొంత ఫిట్స్ ఫైలు వేసి చూసుకుంటే ఫర్వాలేదు.

లాప్‌టాప్ ఎంతది ఉండాలి

4800 × 4800 యూవిట్ ఇమేజీ 92 ఎంబీ దాకా ఉంటుంది, 4 జీబీ ర్యామ్ ఉన్న పాత లాప్‌టాప్‌లో కూడా డీఎస్9, ఏపీటీ నడుస్తాయి. నిర్‌క్యామ్ మొజాయిక్‌లో ఎస్‌సీఐతో పాటు ఎర్రర్, వెయిట్, వేరియెన్స్ పొరలన్నీ కలిసి ఉంటాయి కాబట్టి ఫైలు సులువుగా జీబీల్లోకి పోతుంది. ఆర్కైవ్‌లో టిక్ పెట్టేటప్పుడు ఐ2డీ, దానితో వచ్చే క్యాట్ అని ముగిసే కేటలాగ్ ఫైలు రెండే ఎంచుకోండి. అన్నీ ఎంచుకుంటే రాత్రంతా దిగుతూనే ఉంటుంది. జావా తనంతట తాను ర్యామ్‌లో నాలుగో వంతుకే పరిమితమవుతుంది. 8 జీబీ లాప్‌టాప్‌లో ఏపీటీకి దొరికేది 2 జీబీ దాకానే, పెద్ద మొజాయిక్ తెరవకుండా మొరాయిస్తే కారణం అదే. డీఎస్9లో కావాల్సిన చోటు కత్తిరించుకుని ఇవ్వండి. ఇంవిజ్‌కి 8 జీబీ కనీసం, 16 ఉంటే సుఖం.

రెండు సాఫ్ట్‌వేర్లలో అంకెలు కలవకపోతే

ఒకే చుక్క, ఒకే వృత్తం, ఒకే వలయం పెట్టాక ఏపీటీకీ ఇంవిజ్‌కీ మధ్య ఒక శాతానికి మించి తేడా రాకూడదు. వస్తే సాఫ్ట్‌వేర్‌ని అనుమానించే ముందు ఇవి చూడండి. ఒకటి వృత్తాన్ని పిక్సెళ్లలో, ఇంకొకటి ఆర్క్‌సెకండ్లలో అడుగుతోందా? ఒకదానిలో మధ్యబిందువు సర్దుకుని, ఇంకొకదానిలో మీరు నొక్కిన చోటే ఉండిపోయిందా? ఒకటి మీడియన్, ఇంకొకటి సగటా? తేడా 2.78 మ్యాగ్నిట్యూడ్ దగ్గర ఉండి, డేటా స్పిట్జర్ 3.6 మైక్రాన్లది అయితే ఆలోచించక్కర్లేదు. ఒకటి వేగా పద్ధతి, 280.9 జాన్‌స్కీ సున్నాగా, ఇంకొకటి ఏబీ, 3631 జాన్‌స్కీ సున్నాగా. 4.5 మైక్రాన్ల దగ్గర అదే తేడా 3.26 అవుతుంది.

వెబ్ ఇమేజీలో బాగా వెలిగే నక్షత్రాల మధ్యలో నల్లటి గుంత కనిపిస్తుంది. అది సాచురేట్ అయి పనికిరాదని వదిలేసిన పిక్సెల్. కొన్నిచోట్ల అక్కడ అంకే ఉండదు, మొత్తం కూడా అంకె కాకుండా పోతుంది. కొన్నిచోట్ల చప్పుడు చేయకుండా దాన్ని వదిలేసి మిగతావి కూడేస్తారు, నక్షత్రం ఉన్నదానికంటే మసకగా వస్తుంది. రెండోదే ప్రమాదం. అలాంటి చుక్కని కొలతలోంచి తీసేయడం తప్ప దారి లేదు. యూవిట్‌లోనూ ఇలాంటిదే ఉంది. పూర్తి ఫ్రేములో సెకండుకి 29 ఫ్రేముల దాకా చదువుతుంది, ఒకే ఫ్రేములో ఒకే చోట రెండు ఫోటాన్లు పడితే ఒకటే అనుకుంటుంది. సెకండుకి కొద్ది కౌంట్లు దాటిన చుక్కలకి సాచురేషన్ సవరణ వేయాల్సిందే.

మీ అంకె సరైందో కాదో తేల్చుకోవడానికి వెబ్ ఇమేజీతో వచ్చే కేటలాగే మొదటి తోడు. అందులో 30, 50, 70 శాతం వెలుగు పట్టే వృత్తాల కొలతలు, సవరణ వేసిన మొత్తం కొలత రెండూ ఉంటాయి. ఒంటరి నక్షత్రాలు పది తీసుకుని మీ అంకెల్ని వాటి పక్కన పెట్టండి. యూవిట్ వాళ్లు అదే చోటి గేలెక్స్ అనే అతినీలలోహిత టెలిస్కోపు ఫార్ యూవీ కొలతలతో పోల్చుకోవచ్చు, ఫిల్టర్లు ఒకేలా ఉండవు కాబట్టి ఖచ్చితంగా కలవాలని ఆశించకుండా. అన్ని చుక్కల్లో ఒకే తేడా వస్తే జీరో పాయింట్‌లోనో అపర్చర్ కరెక్షన్‌లోనో తప్పు. మసక చుక్కల్లోనే తేడా పెరుగుతుంటే ఆకాశం లెక్కలో తప్పు. వెలిగే చుక్కల్లోనే తేడా వస్తే సాచురేషన్.

రిపోర్టులో మ్యాగ్నిట్యూడ్ పట్టిక కింద సాఫ్ట్‌వేర్ పేరు, వెర్షన్, వృత్తం వ్యాసార్థం ఆర్క్‌సెకండ్లలో, వలయం రెండు అంచులు, ఆకాశానికి మీడియన్ వాడారా సగటా, జీరో పాయింట్, అపర్చర్ కరెక్షన్ ఎంత, ఏబీనా వేగానా అన్నవి ఒక్క వరుసలో రాసి పెట్టండి. డీఎస్9 రీజియన్ ఫైలు కూడా జత చేస్తే, మీ తర్వాతి బ్యాచ్ వాళ్లు అవే వృత్తాలతో మొదలుపెట్టగలుగుతారు.